నిమ్మకాయ వెనక్కి వచ్చింది: కొల్లేరుతో డిగ్రీ పిల్లలకు భూమి పాఠం చెప్పడం ఎలా

పర్యావరణం పేపరుకు డిగ్రీ పిల్లలు ఎలా చదువుతారో ఆ పేపరు చెప్పేవాళ్లందరికీ తెలుసు. పరీక్ష ముందురోజు రాత్రి గైడు తెరుస్తారు. ఓజోన్ పొర, ఆమ్ల వర్షం, సుస్థిరాభివృద్ధి నిర్వచనం. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. పొద్దున్నే రాసేసి చేతులు దులుపుకుంటారు. పర్యావరణ విద్య తప్పనిసరి చెయ్యమని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో చెప్పింది, ఆ తర్వాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఆర్నెల్ల కోర్సు తయారుచేసి పంపింది. కోర్సులో పెద్ద తప్పేం లేదు. మనం చెప్పే తీరులోనే ఉంది. నేల ఒక యూనిట్, నీరు ఒక యూనిట్, గాలి ఒక యూనిట్, జీవం ఒక యూనిట్ అని కోసి పెట్టి, చివర్లో "ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి" అని ఒక వాక్యం చదివేస్తాం. ఆ ముడి ఎక్కడుందో పిల్లలకు చూపించం. మనకైనా తెలుసా అంటే, నా మటుకు నాకు పదేళ్లు పాఠం చెప్పాక గానీ తెలియలేదు.

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్తాను. కరోనా ఏడాది తీసేస్తే ఆరేళ్లుగా ఈ యూనిట్లన్నీ పక్కన పెట్టి ఒక్క నీటిదారినే పట్టుకుని చెప్తున్నాను. మైలవరం కొండల దగ్గర పుట్టి, మా ఊరిని ఒరుసుకుంటూ పోయే బుడమేరు. అది పోయి కలిసే కొల్లేరు. కొల్లేటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు. మూడు వారాలు పడుతుంది. పెద్ద ఖర్చుండదు. ఎలా చేస్తున్నానో, ఎక్కడ బోల్తాపడ్డానో రాస్తాను. మీకు పనికొచ్చేది తీసుకోండి.

మొదటి క్లాసు

బోర్డు మీద ఏమీ రాయకండి. ఒక్క ప్రశ్న అడగండి: "పొద్దున మీ ఇంట్లో బట్టలుతికిన నీళ్లు ఇప్పుడెక్కడున్నాయి?"

"డ్రైనేజీలో, మేడమ్."

"తర్వాత?"

"కాలువలో."

"తర్వాత?"

"బుడమేరులో."

"తర్వాత?"

ఇక్కడ క్లాసు ఆగిపోతుంది. ఏ ఏడాది చూసినా మూడో "తర్వాత" దగ్గరే ఆగుతుంది. మీరు చెప్పెయ్యకండి. నోరు కట్టుకుని కూర్చోవడం మనకు చాలా కష్టం, నాకు తెలుసు. ఆ మూడో "తర్వాత"ని పట్టుకునే మూడు వారాలూ నడవాలి.

2024 సెప్టెంబరు తర్వాత ఆ ప్రశ్న కూడా అక్కర్లేకపోయింది. ఆ నెల మొదటి తేదీన బుడమేరు వరదకు మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది. నా క్లాసులో సగానికి సగం మంది ఆ చుట్టుపక్కల వాళ్లే. రెండు వారాల తర్వాత కాలేజీ తెరిస్తే ఒకమ్మాయి ఫోనులో ఫొటో చూపించింది. గోడ మీద బురద గీత. ఫ్రిజ్ తలుపు హ్యాండిల్ దాకా. "మా ఇంట్లో ఇక్కడిదాకా మేడమ్, మా వెనకింటి వాళ్లకి మోకాళ్ల దాకానే. మాకే ఎందుకు ఎక్కువొచ్చింది?"

అంతకంటే మంచి మొదటి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. వాళ్లింట్లో నీళ్లు ఎక్కువ రాలేదు. వీధంతా నీళ్లు ఒకే మట్టంలో నిలబడ్డాయి. వాళ్లిల్లు పల్లంలో ఉంది, వెనకిల్లు మెరక మీద ఉంది. వరద అందరి గోడల మీదా ఒకే మట్టపు గీత గీసి పోయింది. భూగోళం పుస్తకంలో దాన్నే కాంటూర్ అంటారు. ఆ పదం చెప్పి ఇరవై నిమిషాలు వివరిస్తే తలకెక్కనిది, ఆ గోడ చూపిస్తే ఒక్క క్షణంలో ఎక్కింది. మీ ఊళ్లో వరద గుర్తులుంటే పిల్లల చేత ముందు అవి ఫొటోలు తీయించండి. ఒక జాగ్రత్త: నష్టపోయిన పిల్లల్ని లేపి చెప్పించకండి. చెప్పాలనిపించిన వాళ్లే చెప్తారు.

ఆ రోజే బుడమేరు కథ మొదలుపెడతాను. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది, అంటే నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడం. అక్కడినుంచి కొంత నీటిని మళ్లింపు కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం వైపు తీసుకుపోయి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. అప్పుడేమో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) దాటి పోతోంది. నిండుకుండలోకి ఇంకో చెంబు ఎక్కడ పడుతుంది? మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, నీళ్లు పల్లం వెతుక్కున్నాయి. పల్లం అంటే ఒకప్పటి బుడమేరు దారి. ఆ దారిలోనే మన ఇళ్లు కట్టుకున్నాం.

ఇది చెప్పేటప్పుడు పిల్లల చేత నోటుపుస్తకంలో పెట్టెలు, బాణాలు గీయించండి. కృష్ణ ఒక పెట్టె, బుడమేరు ఒక పెట్టె, సింగ్‌నగర్ ఒక పెట్టె. ఒక్క షరతు పెట్టండి: ప్రతి బాణం మీద "ఎందుకు" అన్న దానికి జవాబు ఉండాలి. జవాబు లేని బాణం కొట్టెయ్యాలి. మొదటిరోజు అందరూ అన్నిటినుంచీ అన్నిటికీ బాణాలు గీసి సాలెగూడు చేసి తెస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అందులో విషయం ఏమీ ఉండదు.

ముగ్గు గీత

రెండో వారం మొదట్లో గ్రౌండులోకి తీసుకెళ్తాను. కావలసినవి: తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు పైపు 20 మీటర్లు, బకెట్టు నీళ్లు, నాలుగు కర్రలు, టేపు, ముగ్గు. కెమిస్ట్రీ ల్యాబులో చిటికెడు పొటాషియం పర్మాంగనేట్ అడిగి నీళ్లలో కలిపితే మట్టం గులాబీ రంగులో కనిపిస్తుంది. పైపులో గాలిబుడగ ఉంటే లెక్కంతా తప్పుతుంది. పైపును మెల్లగా ఎత్తి బుడగలన్నీ పోయేదాకా నింపండి. నడిచేటప్పుడు రెండు కొసలూ బొటనవేళ్లతో మూసుకోవాలి. మొదటిసారి మాకు నీళ్లన్నీ ప్యాంట్ల మీదే పోయాయి.

గ్రౌండులో అన్నిటికంటే పల్లపు మూల సున్నా. అక్కడికంటే మూడడుగులు ఎత్తున్న చోట్లన్నీ వెతికి ముగ్గుతో కలపమనండి. తర్వాత అయిదడుగుల ఎత్తు గీత. మా గ్రౌండులో కాలువ వైపు ఈ రెండు గీతల మధ్య డెబ్బై అడుగులు వేస్తే గానీ అందలేదు. మెట్ల దగ్గర నాలుగు అడుగుల్లో వచ్చేసింది. తేడా రెండడుగులే. చదును నేలలో రెండడుగులంటే ఎంత మేరో అప్పుడు కాళ్లకు అర్థమైంది.

మూడు, అయిదు ఎందుకంటే, కొల్లేటి గొడవంతా ఆ రెండు అంకెల మధ్యే ఉంది. 1999లో కొల్లేటిని సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూర్ వరకు అభయారణ్యంగా ప్రకటించారు. అది 308 చదరపు కిలోమీటర్లు. మూడడుగులకు తగ్గిస్తే 135 చదరపు కిలోమీటర్లు. తగ్గించమని 2008లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. ముగ్గు గీతల మధ్య నిలబెట్టి ఈ అంకెలు చెప్పండి. తర్వాత క్లాసులో లెక్క చేయించండి. సైన్సు పిల్లలతో పాటు బీఏ వాళ్లు కూడా చేస్తారు, భయపడక్కర్లేదు.

రెండు వైశాల్యాల సగటు దాదాపు 221 చదరపు కిలోమీటర్లు. రెండడుగులంటే 0.61 మీటరు. గుణిస్తే 13.5 కోట్ల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2.83 కోట్ల ఘనపు మీటర్లు. భాగిస్తే సుమారు 4.8 టీఎంసీలు. కొల్లేటి అడుగు గిన్నెలా సమంగా ఉండదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. ఆ సంగతి వాళ్ల చేతే చెప్పించండి. ఇప్పుడు ఇంకో లెక్క: 11,574 క్యూసెక్కుల నీళ్లు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఉప్పుటేరు అంత నీటిని ఆగకుండా లాగినా, ఆ రెండడుగుల్లో నిలిచే నీళ్లు పోవడానికి అయిదు రోజులు కావాలి. ఆ జాగాలో చేపల చెరువుల గట్లు ఉంటే? ఆ నీళ్లు వేరే ఎవరి చేలోనో నిలబడతాయి. ఎవరి చేలో? "తర్వాత ఎక్కడికి?" మళ్లీ మొదలు.

ఒక సీసా బురద

ఇది చిన్నదే, ఒక గంట పని. గాజుసీసాలో మూడోవంతు బురద, మిగతా నీళ్లు, గట్టిగా కుదిపి బల్లమీద పెట్టండి. సింగ్‌నగర్ అమ్మాయి వాళ్ల ఇంటి బురదే ఒక డబ్బాలో తెచ్చిచ్చింది. ఇసుక నిమిషం లోపే దిగుతుంది. ఒండ్రు గంటల్లో దిగుతుంది. బంకమట్టి మర్నాటికి కూడా నీళ్లను కలకగానే ఉంచుతుంది. సీసాను కిటికీలో పెట్టి వారం రోజులు కదపకండి.

వేగం తగ్గితే మట్టి దిగుతుంది. ఈ ఒక్క విషయం సీసాలో చూశాక చాలా సంగతులు సులువవుతాయి. కృష్ణా, గోదావరీ తెచ్చిన మట్టితో రెండు డెల్టాలు చెరో వైపునుంచీ ముందుకు పెరిగాయి. మధ్యలో మిగిలిన పల్లమే కొల్లేరు. దాదాపు 6,000 ఏళ్ల కిందట అది సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి కయ్య. ఇప్పుడు తీరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం జరిగింది. అంటే మన కోనసీమా, దివిసీమా సీసా అడుగున దిగిన మట్టే. మరి ఆ మట్టిని దారిలోనే పట్టేస్తే? నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పెద్ద జలాశయం ఏదైనా కదలని సీసాయే. మట్టి అక్కడ దిగితే తీరానికి అందదు. తీరాన్ని అలలు కోస్తూనే ఉంటాయి, పూడ్చేది మాత్రం రాదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఊరు ఎందుకు కోసుకుపోతోందో ఇక్కడ ఒక పావుగంట మాట్లాడతాను. అక్కడ మట్టి ఒక్కటే కారణం కాదు, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలల దారిని మార్చడం కూడా ఉంది. కాకినాడ మాస్టార్లు దీని మీదే మూడు వారాలూ చెప్పొచ్చు.

ప్రయాణం

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందు చెప్తాను. రెండు బస్సులు, అరవై మంది, కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు. అందరూ సెల్ఫీలు దిగారు. వచ్చాక అరవై రికార్డుల్లోనూ ఒకటే వ్యాసం, అక్షరం తేడా లేకుండా. పాపం వాళ్లనేం అంటాం, చూడ్డానికి తీసుకెళ్లాను, చూసొచ్చారు.

ఇప్పుడు ఇరవై అయిదు మందికి మించి తీసుకెళ్లను. నవంబరు నుంచి జనవరి మధ్యలో వెళ్తాం. వాన భయం తక్కువ, గూడబాతులు గూళ్లు పెట్టే కాలం. బయలుదేరే ముందురోజు ఒక కాగితం ఇస్తాను. అయిదు చోట్ల నీళ్లు ఏ రంగులో ఉంటాయి, ఉప్పదనం ఎంత, ఎటువైపు ఎంత వేగంతో పోతాయి, ఊహించి పెన్నుతో రాసి సంతకం పెట్టాలి. పెన్సిల్ ఒప్పుకోను. ఈ కాగితం లేకుండా ప్రయాణం పెట్టుకోకండి. ముందు ఊహించని వాడు అక్కడ ఏది చూసినా "అవును కదా" అనేస్తాడు.

సామాను: ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) రెండు, సగం నలుపు సగం తెలుపు రంగు వేసి తాడు కట్టిన స్టీలు మూత (ఎంత లోతున కనపడకుండా పోతే నీళ్లు అంత తేట), టేపు, ఫోను స్టాప్‌వాచ్, నిమ్మకాయలు పది. నిమ్మకాయలు వేగం చూడటానికి. ఒడ్డున 20 మీటర్లు కొలిచి నిమ్మకాయ వదిలి సెకన్లు లెక్కపెట్టాలి. నీళ్లలో ఎక్కువ భాగం మునిగి తేలుతుంది, పసుప్పచ్చగా దూరానికి కనపడుతుంది, పోయినా బాధ లేదు. తల్లిదండ్రుల ఉత్తరాలు, ఆడపిల్లలకు బాత్‌రూములు ఎక్కడున్నాయో ముందే వెళ్లి చూసుకోవడం, చెరువుగట్టు మీద ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కరెంటు వైర్లు తొక్కకుండా చూడటం — ఇవి మర్చిపోతే మిగతావేవీ జరగవు.

వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మొదలు. తర్వాత సింగ్‌నగర్ వంతెన. తర్వాత ఎనికేపాడు దగ్గర పైన పంటకాలువ, కింద సొరంగంలో బుడమేరు. ఒకదాని మీద ఒకటి రెండు నీళ్లు కలవకుండా పోవడం చూసి పిల్లలు నోరెళ్లబెడతారు. ఇక్కడ మీటరు పెట్టి రెండిటినీ పోల్చమనండి. పైన ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కృష్ణా నీళ్లు. కింద మనందరి బట్టలుతికిన నీళ్లు. ఆ మూడో "తర్వాత" సగం అక్కడే తీరిపోతుంది.

మధ్యాహ్నానికి కైకలూరు వైపు చేపల చెరువులు. ఇక్కడ ఎక్కువసేపు ఉండండి. ముందే మాట్లాడి పెట్టుకున్న రైతు ఒకాయన దగ్గరికి తీసుకెళ్తాను. పిల్లలకు ఒక్క ప్రశ్నే ఇస్తాను, మిగతావి వాళ్లకే పుట్టాలి: "మబ్బు పడితే మీకు భయమెందుకండీ?"

ఆయన నవ్వి చెప్పాడు: "రెండ్రోజులు ఎండ లేకపోతే తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయమ్మా. నేను నిద్రపోను. టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే."

మబ్బు ఆకాశంలో ఉంది, భయం గట్టు మీద ఉంది. మధ్యలో ఏముందో పిల్లలు ముక్కలుముక్కలుగా పట్టుకొచ్చారు. నీళ్లు పచ్చగా ఉండేది సన్నటి నాచు వల్ల. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. ఎండ లేకపోతే పగటి నిల్వ తక్కువ, తెల్లారేసరికి అయిపోతుంది. అందుకు ఏరేటర్లు, ఏరేటర్లకు కరెంటు. మరి నాచు అంత దట్టంగా ఎందుకుంది? కోళ్లఫారాల నుంచి తెచ్చి వేసే పెంట వల్ల. మేతకు రైసు మిల్లుల తవుడు. పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకు, అస్సాంకు పోతాయి. పెంటలో సత్తువ కొంత చేప ఒంట్లో చేరి అస్సాం పోతుంది, కొంత చెరువు అడుగు బురదలో ఉంటుంది, మిగతాది చెరువు తోడినప్పుడు డ్రెయిన్లలో పడి కొల్లేరు చేరుతుంది. అక్కడ గుర్రపుడెక్క దాన్ని తిని బలిసి నీటిదారికి అడ్డం పడుతుంది. నాలుగు యూనిట్లూ ఒక్క చెరువుగట్టు మీద అయిపోయాయి, ఒక్క నిర్వచనం చెప్పకుండా.

చివర ఆకివీడు దగ్గర ఉప్పుటేరు. ఇక్కడికి సాయంత్రం మూడున్నరకు చేరాం, ఆ ఏడాది జనవరి. పిల్లలు అలిసిపోయారు. కాగితాల్లో అందరూ ఒకటే రాశారు: కొల్లేటి నుంచి సముద్రం వైపు, మెల్లగా. నిమ్మకాయ వేశారు. కాసేపు ఊగింది. తర్వాత కొల్లేరు వైపు బయలుదేరింది.

"గాలికి మేడమ్," అన్నాడొకడు. మంచి అనుమానమే. అయితే గాలికి అందని వస్తువు వెయ్యమన్నాను. వాటర్ బాటిల్‌ను మూత మాత్రం పైకి తేలేలా నింపి వదిలారు. అదీ వెనక్కే పోయింది, 20 మీటర్లకు నిమిషం పైనే. మీటరు ముంచితే అంకెలు పొద్దున చూసినవాటికి ఎక్కడో పైన ఉన్నాయి. ఒడ్డున వల ఆరేసుకుంటున్న ముసలాయన మా హడావుడి చూసి అన్నాడు: "పోటు వచ్చిందమ్మా. రెండు మూడు గంటలాగండి, మళ్లీ దాని దారిన అది పోద్ది."

ఉప్పుటేరు పొడవు సుమారు అరవై కిలోమీటర్లు. కొల్లేటి నీళ్లు సముద్రమట్టం కంటే మూడడుగుల ఎత్తున ఉన్నాయనుకుంటే కిలోమీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వాలు. ఒక వేలి మందం. అంత కొద్ది వాలును పోటు తేలిగ్గా తిరగేస్తుంది. అందుకే ఎగువన వాన, దిగువన పోటు ఒకేసారి వస్తే కొల్లేటి నీళ్లకు దారి ఉండదు. ఆ మరుసటి ఏడాది నుంచి పోటు ఎప్పుడో ముందే చూసుకుని వెళ్తున్నాను. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంతకుముందు మూడేళ్లు మేము ఆటు సమయంలోనే వెళ్లామేమో, ఒక్కసారి కూడా ఇది చూడలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తిరిగొచ్చే బస్సులోనే ఒకమ్మాయి బాణం గీసేసింది: "పోటు వల్ల సింగ్‌నగర్ మునిగింది." వినడానికి అందంగా ఉంది, తప్పు. గండ్లు పడింది కొల్లేటికి చాలా ఎగువన. అక్కడి మునకకు పోటుతో లెక్కలోకొచ్చే సంబంధం లేదు. ఆ బాణాన్ని అందరి ముందూ కొట్టించాను. ముడి ఉందనడం తేలిక. ఏ ముడి మోకు, ఏ ముడి దారప్పోగు అన్నది తేల్చాలి. కొన్ని గంటల్లో పనిచేస్తాయి, మబ్బుకూ చేపకూ మధ్య ఉన్నది అలాంటిది. కొన్ని యాభై ఏళ్లకు, జలాశయానికీ తీరానికీ మధ్య ఉన్నట్టు. అందుకే రెండోసారి గీసే పటంలో బాణాలు లావు, సన్నం తేడాతో గీసి, పక్కన కాలం రాయమంటాను. గంటలు, నెలలు, తరాలు. మొదటిరోజు సాలెగూడులో నలభై బాణాలుంటే, చివరికి పన్నెండు మిగులుతాయి. అవి నిలబడతాయి.

గొడవ

సుస్థిరత అనే మాట నేను మూడోవారం దాకా క్లాసులో వాడను. వాడితే పిల్లలు వెంటనే మర్యాదగా మాట్లాడటం మొదలుపెడతారు.

కొన్నేళ్ల కిందట కొల్లేటి ఆక్రమణల మీద ఆవేశంగా ఒక గంట చెప్పాను. క్లాసయ్యాక ఒకబ్బాయి ఆగాడు. కొల్లేటి లంక ఊరివాడు, ఎప్పుడూ వెనక బెంచీ. "మేడమ్, మా చెరువు పేల్చేసినప్పుడు నాకు మూడేళ్లంట. మా నాన్న ఇప్పటికీ ఆ శబ్దం చెప్తాడు. మా తాతోళ్లకి చెరువు ఇచ్చింది గవర్నమెంటే గదా. మరి మేం ఆక్రమణదార్లమా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పింది నిజం. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేట్లో చేపల చెరువులకు భూమి ఇచ్చింది. తర్వాత అవి లీజుల మీద బయటివాళ్ల చేతుల్లోకి పోవడం, వేల ఎకరాలు కావడం వేరే కథ. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో గట్లు కొట్టెయ్యడం. పెద్ద కమతాలవాళ్లు ఎలాగోలా తేలారు, చిన్న వాటాదార్లు మునిగారు. నేను గంటసేపు చెప్పిన దాంట్లో 1970ల ముక్క లేదు.

అప్పటినుంచి చర్చ ఇలా పెడుతున్నాను. ఏడు చీటీలు: లంక ఊళ్లో చిన్న వాటాదారు, బయటినుంచి వచ్చిన లీజుదారు, వలేసుకుని బతికే జాలరి, నీళ్లు లాగక చేను మునిగే వరిరైతు, అటవీ శాఖ ఉద్యోగి, సింగ్‌నగర్ ఇల్లాలు, గూడబాతు. గూడబాతు చీటీ కోసం కొట్టుకుంటారు, మాట్లాడాల్సి వచ్చేసరికి అదే అందరికంటే కష్టమని తెలుస్తుంది. ఎవరిది వాళ్లకు రాకుండా చూడండి. చేపల చెరువున్న ఇంటి పిల్లాడికి వరిరైతు చీటీ, సింగ్‌నగర్ అమ్మాయికి లీజుదారు చీటీ. ప్రశ్న ఒకటే: గీత అయిదు దగ్గర ఉండాలా, మూడు దగ్గరా? మొదటి ఇరవై నిమిషాలు అభిప్రాయం చెప్పకూడదు, చేతులతో కొలిచిందీ లెక్కగట్టిందీ మాత్రమే చెప్పాలి. ఆ 4.8 టీఎంసీలు ఎవరి నెత్తిన పెడతావో చెప్పి మాట్లాడు, అంటాను. మొదట్లో అరుపులు, తర్వాత కాలిక్యులేటర్లు బయటికొస్తాయి.

ఓటింగు పెట్టకండి. మీ అభిప్రాయం అడుగుతారు, దాచక్కర్లేదు. కానీ గంట కొట్టాక చెప్పండి. నాది అయిదే. చిన్న వాటాదారుకు నష్టపరిహారం లేకుండా మాత్రం కాదు.

మార్కులు

ఇంటర్నల్ 25. పది మార్కులు బాణాల పటానికి: ప్రతి బాణానికీ అంకె గానీ, కళ్లతో చూసింది గానీ, ఎవరైనా చెప్పిన మాట గానీ సాక్ష్యం ఉండాలి. పది మార్కులు తప్పిన ఊహకు. పెన్నుతో రాసి సంతకం పెట్టిన కాగితం ఉంది కదా, దానిమీద ఎర్ర ఇంకుతో ఎక్కడ తప్పానో, ఎందుకు తప్పానో రాయాలి. అన్నీ కరెక్టుగా ఊహించానని తెచ్చేవాళ్లకు అయిదు దాటవు. ఇది అన్యాయమని ఏటా ఒక టాపర్ గొడవపెట్టుకుంటుంది. మిగతా అయిదు రైతుతోనో జాలరితోనో మాట్లాడినదానికి. వాళ్లన్న మాటలే, వాళ్ల యాసలోనే రాయాలి. "ఆయన పర్యావరణ సమస్యల గురించి వివరించారు" అని రాస్తే సున్నా.

కొల్లేరు లేని వాళ్లకు రెండు మాటలు. హైదరాబాద్ వాళ్లకు మూసీ ఉంది. 1908 సెప్టెంబరు 28 వరద, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనాన్ని కాపాడిన చింతచెట్టు, ఆ వరద వల్లే 1920లో వచ్చిన ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, వాటి పరీవాహకంలో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో. అక్కడా గొడవ ఒక గీత గురించే. వరంగల్ వాళ్లకు కాకతీయుల గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువుకు ఏమవుతుందో పిల్లల్ని కట్ట మీద నడిపిస్తూ అడగండి. ముగ్గూ, పైపూ, సీసా ఎక్కడైనా ఒకటే.

ఈ ఏడాది మా ప్రయాణం డిసెంబరులో. పోటు చూసుకుని తేదీ పెట్టాను. నిమ్మకాయలు పది సరిపోతాయి గానీ, ఇరవై తీసుకెళ్లండి. కిందటేడు మా వాళ్లు ఆకివీడు చేరేలోపే ఏడు సోడాలో పిండుకు తాగేశారు.